నీళ్లను బట్టే అడవి: జన్నారం నుంచి మసాయి మారా దాకా



కరీంనగర్‌లో గానీ, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌లలో గానీ నలుగురు కలిసి కూర్చున్నచోట ఈ మధ్య ఒక ముచ్చట తరచూ వస్తున్నది. పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, దుబాయ్, సింగపూర్ చూసి వచ్చాం, ఇక ఒక్కసారి ఆఫ్రికా వెళ్లి సింహాలను, ఏనుగులను వాటి అడవిలోనే చూసి రావాలి అంటున్నారు. చాలా మంచి కోరిక. వన్యప్రాణిని బోనులో చూసినప్పుడు కలగని గౌరవం, దాని చోట దాన్ని చూసినప్పుడు కలుగుతుంది. అయితే లక్షల రూపాయలు పెట్టి, పది రోజులు సెలవు పెట్టి వెళ్లినవాళ్లలో కొందరు నిరాశగా తిరిగి వస్తున్నారు. వానలో బండి దిగబడిందనీ, మందలన్నీ వేరేచోటికి వెళ్లిపోయాయనీ చెప్తున్నారు. అలా జరగకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం.

గుడికి ఏ నెలలో వెళ్లినా మూలవిరాట్టు గర్భగుడిలోనే ఉంటుంది. అడవి జంతువు అలా ఒక్కచోట ఉండదు. నీళ్లున్న చోట గడ్డి ఉంటుంది. గడ్డి ఉన్నచోటికి మేసే జంతువు వస్తుంది, దాని వెంట వేటాడే జంతువు వస్తుంది. అందుకని సఫారీకి ముందుగా చూసుకోవలసింది విమానం టికెట్ ధర కాదు, అక్కడ వాన ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు వెనక్కి పోతుంది అన్నది. ఈ సూత్రం తెలుసుకోవడానికి ఆఫ్రికా దాకా పోనక్కర లేదు, మన జన్నారం చాలు.

జన్నారాన్ని ఆనుకొని ఉన్న కవ్వాల్ అడవిని 1965లో అభయారణ్యంగా ప్రకటించారు. 2012లో అది పులుల సంరక్షణ కేంద్రమైంది. కోర్ ప్రాంతం 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న బఫర్ కలిపితే 2,015 చదరపు కిలోమీటర్లు. ప్రపంచమంతా పేరున్న కెన్యాలోని మసాయి మారా రిజర్వు దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లే. విస్తీర్ణంలో మన కవ్వాలే పెద్దదని ఇక్కడివాళ్లకే చాలామందికి తెలియదు. టేకు, వెదురు నిండిన ఈ అడవి గుండా కడెం వాగు పారుతుంది, దక్షిణాన గోదావరి ఉంది. చిరుతలు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు, మనుబోతులు, చుక్కల దుప్పులు, రేచుకుక్కలు ఇక్కడ తిరుగుతాయి.

ఈ అడవిని ఏడాది పొడవునా గమనిస్తే నీటి లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా సఫారీ మూసేస్తారు. వానకు లోపలి దారులు బురదమయం అవుతాయి, జంతువులకూ ఆ సమయంలో ప్రశాంతత కావాలి. అక్టోబరులో తెరిచినప్పుడు అడవి కళ్లకు పండుగలా ఉంటుంది గానీ జంతువు కనిపించడం కష్టం. పొదలు మనిషెత్తున ఉంటాయి. ప్రతి కుంటలోనూ నీళ్లుంటాయి గనుక ఏ జంతువూ ఒకే కుంటకు రావలసిన అవసరం ఉండదు. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ చలి సంగతి మీకు చెప్పనక్కర లేదు. పై కప్పు లేని బండిలో తెల్లవారుజామున వెళ్లాలంటే స్వెట్టరు, చెవులకు మఫ్లరు తప్పనిసరి. ఆ నెలల్లో కడెం జలాశయం మీద పక్షులు బాగుంటాయి.

ఫిబ్రవరి నుంచి టేకాకు రాలుతుంది. చూపు దూరం సాగుతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి వాగులు ఎండిపోయి మిగిలిన కుంటల దగ్గరికి, అటవీ శాఖ నీళ్లు పోయించే సాసర్ పిట్ల దగ్గరికి జంతువులు పొద్దునా సాయంత్రం దిగుతాయి. చూడటానికి అదే సరైన కాలం. కానీ ఏప్రిల్ చివర, మే నెలలో పగటి ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. అందుకే పసిపిల్లలతో, గుండె జబ్బున్న పెద్దవాళ్లతో మే నెల సఫారీ పెట్టుకోవద్దు. వాళ్లతో కలిసి వెళ్లాలంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్లండి.

ఆ రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. రాత్రంతా రాలిన ఇప్పపువ్వు నేల మీద లేత పసుపు రంగులో పరుచుకొని ఉంటుంది. దళసరిగా, తడిగా, తియ్యటి వాసనతో ఉంటుంది. గోండు, కోలాం, నాయకపోడు కుటుంబాలు బుట్టలు పట్టుకొని ఏరుకోవడానికి చీకటితోనే వస్తాయి. ఆ వాసనకే ఎలుగుబంటి కూడా వస్తుంది. మనిషికీ ఎలుగుకూ అదే చెట్టు, అదే వేళ. పువ్వు కనిపించాలని కింద ఎండుటాకుకు నిప్పు పెడితే ఒక్కోసారి అది అడవంతా పాకుతుంది. ఇక తునికాకు కాలం వస్తే మనుషులు ఇంకా లోపలికి వెళ్తారు. మనం జీపులో ముచ్చటపడి చూసే ఎలుగుబంటి, అక్కడి ఆడబిడ్డకు రోజువారీ భయం. ఈ సంగతి మనసులో పెట్టుకొని చూస్తే అడవి వేరేలా కనిపిస్తుంది.

పులి కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలి. కవ్వాల్ లోపలి అడవిలో పులి స్థిరంగా నిలవడం అరుదు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లోకి వస్తాయి, కొన్ని అక్కడే పిల్లల్ని పెడతాయి. 2024 చివర్లో, పత్రికలు జానీ అని పిలిచిన ఒక మగపులి జత కోసం మహారాష్ట్ర నుంచి వచ్చి మన ఆదిలాబాద్, నిర్మల్ అడవుల గుండా వందల కిలోమీటర్లు నడిచింది. కనుక కవ్వాల్‌కు వెళ్లేటప్పుడు పులి ఒక్కదాన్నే మనసులో పెట్టుకొని వెళ్లకండి. దుమ్ములో పాదముద్ర చూడటం, దుప్పి ఉలిక్కిపడి అరిచే అరుపు వినడం, కొండముచ్చు చెట్టు చివర నుంచి ఇచ్చే హెచ్చరికను పట్టుకోవడం నేర్చుకోండి. ఇక్కడ ఇది నేర్చుకున్నవాడు ఆఫ్రికాలో గైడు చెప్పకముందే తల తిప్పి సరైన వైపు చూస్తాడు.

కవ్వాల్ ఒక్కటే కూడా కాదు. మంథని దగ్గర గోదావరి పొడవునా ఉన్న శివ్వారం అభయారణ్యం మొసళ్లకు నెలవు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండింటిలోనూ అది ఉంది. ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలున్నాయి. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట అంచుల్లో రాబందులు గూళ్లు పెట్టిన సంగతి పక్షి ప్రేమికులందరికీ తెలుసు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి దేశమంతటా వాటిని తుడిచిపెట్టిన కాలంలో మన గుట్ట మీద అవి బతికి ఉండటం మన భాగ్యం.

ఇప్పుడు ఇదే నీటి లెక్కను ఆఫ్రికాకు పట్టించి చూద్దాం.

కెన్యాలో మసాయి మారా, దానికి ఆనుకొని టాంజానియాలో సెరెంగెటీ. మధ్యలో దేశాల సరిహద్దు ఉంది గానీ కంచె లేదు. సెరెంగెటీ నేషనల్ పార్కు ఒక్కటే 14,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ లక్షల సంఖ్యలో విల్డెబీస్ట్‌లు, వాటితోపాటు చారల గుర్రాలు ఏడాది పొడవునా వానను వెంబడించి ఒక పెద్ద చుట్టు తిరుగుతాయి. జనవరి చివర, ఫిబ్రవరి నెలలో సెరెంగెటీ దక్షిణాన న్దుతూ మైదానాల్లో ఉంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల అది. అక్కడి పొట్టి గడ్డిలో ఖనిజాలు ఎక్కువ, బాలింత జంతువుకు అది బలం. అందుకే కొన్ని వారాల వ్యవధిలోనే అక్కడ లక్షల దూడలు పుడతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరుగెత్తాలి, ఎందుకంటే సింహాలు, హైనాలు, చీతాలు అక్కడే కాచుకొని ఉంటాయి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ తర్వాత నేల ఎండేకొద్దీ మందలు పడమరకు, ఉత్తరానికి కదులుతాయి. జులై చివర నుంచి అక్టోబరు దాకా మారా నది దగ్గర ఉంటాయి. మొసళ్లున్న ఆ నదిని అవి దాటే దృశ్యం కోసమే ప్రపంచమంతా అక్కడికి వెళ్తుంది. నవంబరులో చిన్న వానలు మొదలవగానే మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ లెక్క వేరు. అది దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవి, 1926లో నేషనల్ పార్కు అయింది. అక్కడ వానలు అక్టోబరు నుంచి మార్చి దాకా పడతాయి. మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వాన ఉండదు, చెట్లు ఆకు రాలుస్తాయి, జంతువులు నీటి మడుగులకు చేరతాయి. మన మార్చి, ఏప్రిల్‌లో జన్నారం దగ్గర జరిగేదే అక్కడ జూన్, జులైలో జరుగుతుంది. తెల్లవారుజాము చలి మాత్రం మన ఆదిలాబాద్ జనవరిని గుర్తుకు తెస్తుంది. ఆఫ్రికా అంటే ఎండ అనుకొని పలచటి చొక్కాలతో దిగితే వణకవలసి వస్తుంది.

ఇక మన సెలవులు చూడండి. పిల్లలకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా అప్పుడే కెన్యా, టాంజానియాలో పెద్ద వానలు. ఆ రోజుల్లో ప్యాకేజీ చౌకగా దొరుకుతుంది, అది చూసి తొందరపడకండి. చౌకకు కారణం ఉంది. దారులు బురదలో ఉంటాయి, కొన్ని క్యాంపులు మూసి ఉంటాయి, గడ్డి ఎత్తుగా ఉంటుంది. వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే మే చివర, జూన్ మొదట్లో క్రూగర్ వైపు వెళ్లండి. మారా నది చూడాలంటే బతుకమ్మ, దసరా సెలవులు మంచి సమయం. అప్పటికి ఆగస్టు రద్దీ కొంత తగ్గుతుంది, మందలు ఇంకా అక్కడే ఉంటాయి. బతుకమ్మ ఆడకుండా ఎలా వెళ్తామని ఇంట్లో ఆడవాళ్లు అంటే అదీ న్యాయమే. అలాంటివాళ్లు సంక్రాంతి చేసుకొని, జనవరి ఆఖరి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి న్దుతూ వెళ్లి దూడలు పుట్టే కాలం చూడవచ్చు. నదిని దాటే దృశ్యం కోసం వెళ్లేవాళ్లు ఒక్కరోజు పెట్టుకోకండి. మందలు గట్టు దాకా వచ్చి గంటల తరబడి నిలబడి వెనక్కి తిరిగిపోతాయి. కనీసం మూడు రాత్రులు అక్కడ ఉండాలి.

ఖర్చు కూడా కాలాన్ని బట్టే. మసాయి మారాలో విదేశీ పెద్దవాళ్లకు ప్రవేశ రుసుము 2024లో జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు చేశారు. ప్యాకేజీలో ఈ రుసుము కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. బండిలో ఎందరు కూర్చుంటారు, ప్రతి ఒక్కరికీ కిటికీ ఉందా, పై కప్పు తెరుచుకుంటుందా, శాకాహారం దొరుకుతుందా, రద్దు చేసుకుంటే డబ్బు ఎంత తిరిగి వస్తుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సఫారీ నడిపే సంస్థ కెన్యాలో అయితే కాటో, టాంజానియాలో అయితే టాటో అనే టూర్ ఆపరేటర్ల సంఘంలో సభ్య సంస్థేనా చూడండి. మొత్తం డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోకండి.

తర్వాతిది ఆరోగ్యం. కెన్యా వెళ్లి తిరిగి వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలన్నది మన దేశం నియమం; టాంజానియాకు మాత్రమే వెళ్లేవాళ్లు ఇది తమకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కరీంనగర్‌లో ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వేసే సూది కాదు ఇది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. 60 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు, 9 నెలల లోపు పిల్లలున్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునే పిల్లలు ఈ సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోండి. దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ లేదు. అయినా కెన్యా మీదుగానో, ఇథియోపియా మీదుగానో ఎక్కువ గంటలు ఆగి వెళ్తే అక్కడా సర్టిఫికెట్ అడుగుతారు. మలేరియా మాత్రల విషయం డాక్టరుతో మాట్లాడండి. టాంజానియాలో సెట్సీ ఈగ ముదురు నీలం, నలుపు రంగులకు వస్తుంది. ఆ రంగు బట్టలు ఇంట్లో వదిలి, మట్టి రంగు, ఖాకీ రంగు వేసుకోండి.

సామాను సర్దేటప్పుడు మన ఇళ్లలో పచ్చడి, కారప్పొడి, సకినాలు ప్లాస్టిక్ కవర్లలో కట్టడం అలవాటు. కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను నిషేధించాయి. విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. స్టీలు డబ్బాల్లో, గుడ్డ సంచుల్లో సర్దండి. అడవిలోకి చిన్న విమానంలో వెళ్లేవాళ్లకు సాధారణంగా 15 కిలోలే అనుమతి, అదీ మెత్తటి సంచిలో. గట్టి సూట్‌కేసు ఎక్కనివ్వరు. డ్రోన్ తీసుకెళ్లవద్దు.

ఇప్పుడు భద్రత. సింహం గురించి భయపడేవాళ్లు చాలామంది. బండి దిగకుండా, చేతులు బయట పెట్టకుండా, అరవకుండా కూర్చున్నవాడికి సింహం వల్ల జరిగే కీడు చాలా తక్కువ. అసలు జాగ్రత్త రోడ్డు మీద, నగరంలో కావాలి. ఆ జాగ్రత్త మన ఊరి నుంచే మొదలవుతుంది. తెల్లవారుజాము విమానం కోసం రాత్రంతా రాజీవ్ రహదారి మీద కారు నడిపించి శంషాబాద్ చేరడం, తిరిగి వచ్చిన రాత్రే నిద్ర కళ్లతో కరీంనగర్‌కో ఆదిలాబాద్‌కో బయల్దేరడం, ఈ రెండూ మానండి. వెళ్లేటప్పుడు ముందురోజు సాయంత్రానికే హైదరాబాద్ చేరండి. వచ్చాక ఒక రాత్రి అక్కడే పడుకొని పొద్దున బయల్దేరండి. కవ్వాల్ వెళ్లేవాళ్లూ అంతే. నిర్మల్, మంచిర్యాల మధ్య అడవి దారిలో చీకటి పడ్డాక వేగంగా పోతే దుప్పో, అడవిపందో అడ్డం వస్తుంది. దానికీ ప్రమాదం, మనకూ ప్రమాదం. అక్కడి చెక్‌పోస్టుల దగ్గర రాత్రి రాకపోకలకు ఆంక్షలున్నాయి, ముందే కనుక్కొని వెలుతురు ఉండగానే దాటండి.

నైరోబీ చాలా అందమైన నగరం. 1946లో ఏర్పడిన నేషనల్ పార్కు నగరాన్ని ఆనుకొనే ఉంది. ఎత్తయిన భవనాలు వెనక కనిపిస్తుండగా సింహం గడ్డిలో పడుకొని ఉంటుంది. రైల్వే కట్టిన కాలం నుంచి భారతీయులు అక్కడ స్థిరపడ్డారు గనుక పార్క్‌లాండ్స్ వైపు మన భోజనానికి లోటు లేదు. అయితే నైరోబీ, దారెస్సలాం, జొహన్నెస్‌బర్గ్ నగరాల్లో చీకటి పడ్డాక నడిచి తిరగవద్దు, అది పది అడుగుల దూరమే అయినా సరే. హోటల్ పిలిపించిన టాక్సీయో, యాప్ ద్వారా వచ్చిన టాక్సీయో ఎక్కండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కిటికీ అద్దం ఎత్తి ఉంచండి. దించిన అద్దంలోంచి ఫోన్ లాక్కుపోవడం అక్కడ మామూలు. జొహన్నెస్‌బర్గ్‌లో సిగ్నల్ దగ్గర అద్దం పగలగొట్టి సంచి తీసుకుపోతారు కూడా, కాబట్టి సంచిని సీటు మీద పెట్టకుండా డిక్కీలో పెట్టండి.

అమ్మలకూ అక్కలకూ ఒక మాట. పుస్తెలతాడు తీయడం మీకు ఇష్టం ఉండదు, ఆ మనసు నాకు తెలుసు. బరువైన బంగారు తాడును ఇంటి దగ్గరో లాకర్లోనో భద్రంగా పెట్టి, పుస్తెలను పసుపుతాడుకో, సన్నటి నల్లపూసల దండకో గుచ్చుకొని, పైన చున్నీ కప్పుకొని వెళ్లండి. మెడలో మెరిసే బంగారం పరాయి నగరంలో మీ ప్రాణానికి ముప్పు తెస్తుంది. ఎవరైనా బెదిరించి అడిగితే ఫోనైనా, డబ్బైనా ఎదురు చెప్పకుండా ఇచ్చేయండి. పాస్‌పోర్టును గది లాకర్‌లో పెట్టి జిరాక్స్ కాపీ దగ్గర ఉంచుకోండి. నైరోబీలో, దారెస్సలాంలో, ప్రిటోరియాలో భారత హైకమిషన్లున్నాయి. వాటి ఫోన్ నంబర్లు బయల్దేరకముందే కాగితం మీద రాసుకోండి.

కాగితం మీద ఎందుకంటే దానికి కారణం ఉంది. 2025 అక్టోబరు 29న టాంజానియాలో ఎన్నికలు జరిగాయి. అల్లర్లు చెలరేగాయి, దారెస్సలాంలో కర్ఫ్యూ పెట్టారు, దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు. టికెట్లు, హోటల్ బుకింగులు, చిరునామాలు అన్నీ ఫోన్‌లోనే ఉన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత జరిగిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అక్కడి రాజ్యాంగం ప్రకారం తర్వాతి సాధారణ ఎన్నికలు 2027 ఆగస్టులో, అంటే సరిగ్గా సఫారీ రద్దీ కాలంలో. ప్రతి ఎన్నికలోనూ గొడవ జరుగుతుందని కాదు. వాన లెక్కతో పాటు ఆ దేశం రాజకీయ క్యాలెండర్ కూడా చూసుకోవాలని చెప్తున్నాను. అన్ని కాగితాలూ ప్రింట్ తీసి, కొంత నగదు దగ్గర ఉంచుకొని వెళ్తే నెట్ లేకపోయినా దారి దొరుకుతుంది.

చివరగా, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. అడవి ఖాళీ స్థలం కాదు, అక్కడ మనుషులున్నారు. 1898లో కెన్యాలో రైలు వంతెన కడుతుండగా త్సావో దగ్గర రెండు సింహాలు కూలీలను చంపాయి. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. మన కాగజ్‌నగర్ ప్రాంతంలో పత్తి చేనుకు వెళ్లిన మనుషులు పులి నోట పడ్డారు. 2024 జనవరిలో అదే ప్రాంతంలో, చనిపోయిన పశువు మీద విషం చల్లితే పులులు చనిపోయాయి. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలు పులులనూ మనుషులనూ చంపుతున్నాయి. పశువు పోయిన రైతు దుఃఖం తీర్చకుండా పులిని కాపాడలేం.

మసాయి మారా చుట్టూ దీనికొక దారి కనిపెట్టారు. మసాయి పశుపాలకులు తమ భూములను కలిపి కన్జర్వెన్సీలుగా ఏర్పరచి, సఫారీ క్యాంపులకు కౌలుకిస్తారు. ఆ కౌలు డబ్బు నేరుగా కుటుంబాలకు చేరుతుంది. సింహం బతికి ఉంటేనే ఇంటికి ఆదాయం. అక్కడా అంతా సజావుగా లేదు. టాంజానియాలో సంరక్షణ పేరుతో మసాయిలను వాళ్ల నేల నుంచి కదిలించడం మీద పెద్ద వివాదం నడుస్తున్నది. మన దగ్గర కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాలను పునరావాసం ఇచ్చి బయటికి తరలించారు. 2025 మే నెలలో ప్రభుత్వం జీవో 49తో కుమురం భీం పేరు మీద కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది. ఆదివాసీలు వ్యతిరేకించాక జులైలో దాన్ని నిలిపివేసింది. మహారాష్ట్ర నుంచి పులులు వచ్చే దారీ కావాలి, ఆదివాసీల పోడు, హక్కు, బతుకూ కావాలి. ఈ రెండూ కలిసే మార్గం ప్రజలను అడిగి, వాళ్ల ఒప్పుదలతో వెయ్యాలి.

ఇందులో యాత్రికుడికీ పాత్ర ఉంది. ఆఫ్రికాలో అయితే స్థానిక కుటుంబాలకు వాటా ఇచ్చే క్యాంపును ఎంచుకోండి. జన్నారంలో అయితే అక్కడి గైడుకు, అక్కడి భోజనం వండేవాళ్లకు డబ్బు చేరేలా ఒక రాత్రి ఉండండి. వాళ్ల దగ్గర ఇప్పపువ్వు లడ్డూ, తేనె కొనండి. పొద్దున వచ్చి జీపెక్కి ఫోటో తీసుకొని సాయంత్రానికి వెళ్లిపోతే, ఆ అడవిని కాస్తున్నవాళ్లకు మనవల్ల ఒరిగేది దుమ్మే.

కాబట్టి శ్రోతలారా, ఈ ఏడాది ఒక పని చేయండి. ఆఫ్రికా కోసం డబ్బు కూడబెడుతున్నవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లల్ని తీసుకొని కవ్వాల్‌లో ఒక రాత్రి, రెండు సఫారీలు పెట్టుకోండి. పొద్దున నాలుగున్నరకు లేవగలరా, మూడు గంటలు మాట్లాడకుండా కూర్చోగలరా, పులి కనిపించకపోయినా ఆనందించగలరా, మీకే తెలుస్తుంది. అది తెలిశాక మీ సెలవులను ఆ దేశపు వానలతో సరిపెట్టి చూడండి. టీకాకు, వీసాకు, బుకింగుకు ఆరు నెలలు ముందుగా మొదలుపెట్టండి. ఏ అడవికి వెళ్లినా, అక్కడి నీటి వేళను గౌరవించండి, అక్కడి మనిషి కష్టాన్ని గుర్తించండి. అలా వెళ్లినవాళ్లకు మారాలోనైనా మన జన్నారంలోనైనా పెట్టిన ఖర్చు వృథా కాదు, ఆ అడవికీ మీ రాక మేలే చేస్తుంది.